అరవై ఏడు అక్షరాల వలయం

పరీక్షల గది, రెండో అంతస్తు
జనవరి 11

మామయ్యా,

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తడమేమిటి, అసలు పెట్టుకోలేదు. అందుకని ముప్పై రెండేళ్ళ వయసులో కలం పట్టి ఉత్తరం రాయడం నేర్చుకుంటున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకు. పోయినసారి అలా పంపితే అమ్మ వారం రోజులు నవ్వింది.

పనుండి రాస్తున్నాను. మా పరీక్ష సంగతి నీకు తెలుసు. ఊపిరితిత్తుల క్రిమి కఫంలో ఉంటే మా చిన్న డీఎన్ఏ పోగు దాన్ని పట్టుకుంటుంది, రెండు కొసలూ కలిసి వలయమవుతుంది. క్రిమి లేకపోతే వలయం లేదు. వలయం ఏర్పడితే ఎంజైము దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ అదే వరసను వందలసార్లు కాపీ చేసి పొడవాటి దారం లాగుతుంది. ఆ దారానికి రంగు అంటుకుని గొట్టం మెరుస్తుంది. నలభై నిమిషాల్లో మెరిస్తే 'ఉంది', లేకపోతే 'లేదు'.

ఇన్నాళ్ళూ మా వలయం అరవై రెండు డీఎన్ఏ అక్షరాలది. క్రిమి ఏ రకందో గుర్తుపట్టడానికి కొత్తగా ఐదు అక్షరాలు చేర్చారు. ఇప్పుడు అరవై ఏడు. క్రిమి దండిగా ఉన్న నమూనాలు బాగానే మెరుస్తున్నాయి. సరిచూసుకోవడానికి పెట్టెలో వచ్చే గొట్టమూ మెరుస్తోంది. కానీ క్రిమి కాస్తే ఉన్నవాటి మీద నాకు అనుమానంగా ఉంది. మొన్న గంటన్నర దాటాక గొట్టాలు పారేయబోతుంటే, 'లేదు' అని రాసేసిన రెండింటిలో లేతగా వెలుగు కనిపించింది.

మా డైరెక్టరుగారికి చెప్తే, "అరవై రెండు పనిచేసింది, డెబ్బై రెండూ పనిచేసింది. మధ్యలోది పనిచేయదా అమ్మా?" అన్నారు. మాట సబబుగానే ఉంది. అయినా నువ్వు ఒకప్పుడు ఈ చిన్న వలయాల మీద ఏదో చేశావని అమ్మ అంటుంది. ఏం చేశావు?

నీ మేనకోడలు

అన్నయ్యా, కళ్ళద్దాలు మార్చుకున్నావా? పాత నంబరుతో చదివి పిల్ల మీద విసుక్కోకు. అటక మీది దుప్పటి తీసుకో. — చెల్లాయి


మూడో అంతస్తు, బైండింగు షాపు పైన
జనవరి 19

అమ్మడూ,

తప్పులు ఏడు. దిద్దలేదు. వయసు మీద పడి మెత్తబడ్డాను.

మీ డైరెక్టరుని నేను గడియారం అంటాను. ఎదుటి మనిషి మొహం చూసి వాడు మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు, మణికట్టు చూసుకుని మాట్లాడతాడు. మీ నలభై నిమిషాలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు? భోజనానికి లేచేలోపు ఫలితం రావాలి వాడికి. అంతే శాస్త్రం.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట వాడు నా కింద జూనియరు. మాకు మొదట కుదిరింది నలభై రెండు అక్షరాల వలయం. పది అక్షరాల తయారు ముక్క ఒకటి మా దగ్గర ఉండేది. అది అతికిస్తే యాభై రెండు. ఇంకోటి అతికిస్తే అరవై రెండు. ఇంకోటి, డెబ్బై రెండు. సులువు. గడియారం ఆ నాలుగు చుక్కలూ కాగితం మీద పెట్టి స్కేలుతో గీత గీసేసి, చిన్న వలయాల్లో పొడవుకి పెద్ద పట్టింపు లేదని తేల్చేశాడు. ఆ గీతతోనే ఇవాళ్టి కుర్చీ దాకా నడిచాడు.

నేను నలభై రెండు నుంచి డెబ్బై రెండు దాకా ఒక్కో అక్షరమే పెంచుతూ ముప్పై ఒక్క వలయాలు చేశాను. రెండేళ్ళు పట్టింది. ఏం కనిపించిందో ఒక గ్రాఫు కాగితం మీద ఉంది. ఆ కాగితాన్ని నిండు సభలో గోడకి అంటించిన రోజు గడియారం లేచి, "సార్ చేతులు వణుకుతున్నట్టున్నాయి, అందుకే గీతా వణికింది," అన్నాడు. నలభై మంది నవ్వారు. అందులో పన్నెండు మందికి ఉద్యోగాలు వేయించింది నేను. వాళ్ళలో ముగ్గురు ఈ మధ్య పోయారు. సంతాప సభలకి పిలుపులు వచ్చాయి. ఆ పిలుపుల వెనక తెల్లవైపు పాల లెక్క రాసుకుంటున్నాను.

నీకు కాగితం కావాలి, అంతేగా? వాడి చేత్తో, వాడి సిరాతో నాకు మూడు మాటలు రాయమను: 'మీ గీత వణకలేదు'. ఆ పూటే పంపిస్తాను. ఫోను కాదు, టైపు కాదు. నోటిమాటకి సాక్ష్యం ఉండదని నాకు నేర్పింది వాడే.

మీ అమ్మకి చెప్పు, దుప్పటి చిమటలు తినేశాయి. కళ్ళద్దాలు ఇంకా పనిచేస్తున్నాయి.

మామయ్య


పరీక్షల గది
ఫిబ్రవరి 6

మామయ్యా,

అడిగాను. "మీ మామయ్య ఇంకా ఉన్నారా! చాలా సంతోషం. ఆయన దగ్గర ఏదైనా ఉంటే మెయిల్లో పెట్టమనండి," అన్నారు, మణికట్టు చూసుకుంటూ. నువ్వు పెట్టిన పేరు ఎంత బాగా అతికిందో అని నాకు లోపల్లోపల నవ్వు. బయటికొచ్చాక పోయింది.

ఎందుకంటే మా కొత్త పెట్టెలు పదకొండు ఆసుపత్రులకి వెళ్ళిపోయాయి. పాతవన్నీ వెనక్కి తెప్పించి తగలబెట్టేశారు. రోజూ వందమంది దాకా కఫం ఇచ్చి వెళుతున్నారు. వాళ్ళకి కాగితం మీద 'లేదు' అని ముద్ర కొట్టేది నేనే.

మధ్య పొడవులు నేనే చేసి చూద్దామంటే ఆయన సంతకం కావాలి. అడిగితే, "ఉన్న డబ్బాలు పంపడానికే చేతులు చాలడం లేదు," అన్నారు. పోనీ, ఆలస్యంగా కనిపించే ఆ లేత వెలుగు సంగతేమిటంటే, "ఆలస్యపు మెరుపు అబద్ధపు మెరుపు," అని కొట్టిపారేశారు.

మామయ్యా, కాగితం అక్కర్లేదు. అరవై ఏడు దగ్గర నీ గీత పైన ఉందా, కింద ఉందా? ఒక్క మాట చెప్పు చాలు.

అమ్మ బాగానే ఉంది. కాస్త జలుబు.

అన్నయ్యా, పిల్ల అడిగింది ఇచ్చెయ్యరాదూ. — చెల్లాయి


మూడో అంతస్తు
ఫిబ్రవరి 15

అమ్మడూ,

పైనా కిందా అని నాతో బేరం పెడుతున్నావు. ఆ ఒక్క మాట చెప్తే మిగతా కాగితానికి ఏం విలువ? గడియారం దాన్ని కూడా తన పేర రాసుకుంటాడు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆగింది అందుకు కాదు.

'మెయిల్లో పెట్టమనండి' అన్నాడా! వాణ్ణి ఇంటర్వ్యూ గదిలోకి పిలిచినప్పుడు చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని వచ్చాడు. నేనే చూపించి సరిచేసుకోమన్నాను. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఎవరు ఏ కుర్చీలో ఉండేవారో.

ఇక్కడ కింద షాపులో కాగితాలు కోసే కత్తి పొద్దస్తమానం దిగుతూ ఉంటుంది. నేను చరిత్ర పుస్తకాలు చదువుతున్నాను. ప్రతి రాజ్యంలోనూ నిజం చెప్పినవాడు ఒకడుంటాడు, వాడి మీద నవ్వినవాళ్ళు నలభై మంది ఉంటారు. పుస్తకంలో పేర్లు మాత్రం ఆ నలభైలో పెద్దగా నవ్విన నలుగురైదుగురివే ఉంటాయి.

నీకు చదువుంది. ఆ నాలుగు చుక్కలూ ఎందుకు పదేసి దూరంలోనే ఉన్నాయో ఆలోచించుకో. అంతకంటే నా నోట రాదు. పెట్టెలు పాడైతే ఆసుపత్రులవాళ్ళే గోల పెడతారు, అప్పుడు వాడికి నా అవసరం పడుతుంది. వాడు రాస్తాడు. చూస్తూ ఉండు.

మీ అమ్మ రాసిన వాక్యం ఏటవాలుగా కిందికి జారింది. మంచం మీద పడుకుని రాయొద్దను, బల్ల దగ్గర కూర్చోమను. నేను రాజీనామా ఇచ్చినరోజు 'సర్దుకుపోవచ్చుగా అన్నయ్యా' అంది. నాలుగేళ్ళు దాంతో మాట్లాడలేదు. అది గుర్తుండబట్టే ఈసారి ఒక్క ముక్కతో ఆపింది.

మామయ్య


పరీక్షల గది
మార్చి 20

మామయ్యా,

నువ్వు ఆలోచించుకోమన్నది ఆలోచించాను. పదేసి చొప్పున చూస్తే పదేసి చొప్పున ఉన్నదే కనిపిస్తుంది. మధ్యలో గొయ్యి ఉన్నా తెలియదు. అదేనా? అయితే అది నా అనుమానం మాత్రమే, దానికి చుక్కలు లేవు. నీ దగ్గర ముప్పై ఒక్క చుక్కలున్నాయి.

ఆసుపత్రులవాళ్ళు గోల పెట్టరు. ఎందుకు పెడతారు? 'ఉంది' అని తప్పు చెప్తే గోల. 'లేదు' అంటే అందరూ దణ్ణం పెట్టి ఇంటికి పోతారు. ఇంటికి పోయి, నలుగురి మధ్య కూర్చుని దగ్గుతారు.

ఒక పేషెంటు సంగతి చెప్తాను. అరవై ఒక్క ఏళ్ళ ఆవిడ. జనవరి చివర నుంచి సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఎనిమిది కిలోలు తగ్గింది. ఎడమవైపు తిరిగి పడుకోలేదు, ఊపిరాడదు. రెండుసార్లు నేనే పరీక్ష చేశాను. రెండుసార్లూ నలభై నిమిషాలకి చీకటే. రెండోసారి గొట్టాన్ని పారేయకుండా ఉంచితే, రెండు గంటలకి లేతగా మెరిసింది. డాక్టరుకి చెప్తే, "మీ డైరెక్టరు సంతకంతో తెండి," అన్నాడు. ఎక్స్‌రేలో నీడ ఉంది. కానీ క్రిమి లేదంటున్నాం కాబట్టి ఇది వేరే వాపేమో అని పోయినవారం స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. క్రిమి ఉన్నవాళ్ళకి ఆ మందు ఇస్తే ఒంట్లో ఎదిరించే శక్తి పోయి క్రిమి చెలరేగుతుంది, నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆవిడ చాలా మర్యాదస్తురాలు. దగ్గు వచ్చినప్పుడల్లా 'ఏమనుకోకు' అంటుంది.

ఆ కాగితం పంపు. అడుక్కుంటున్నాను.

అమ్మకి పని ఉండి రాయలేదు.


మూడో అంతస్తు
ఏప్రిల్ 2

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొయ్యి అన్నావు. నీకు ఇన్ని మార్కులు ఊరికే రాలేదు.

కాగితం పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ లోపల పెట్టాను. నీకు ఇది రాక్షసత్వంలా ఉంటుందని తెలుసు. ఇంకొక్క పక్షం రోజులు ఆగు. నా పాత శిష్యుడొకడితో గడియారం చెవిన వేయించాను, 'ముసలాయన దగ్గర సరుకుంది' అని. వాడు ఉలిక్కిపడ్డాడట. రాస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి వాడికీ నాకూ మధ్య ఒక్క ఉత్తరమే దూరం ఉంది.

ఆ ఆవిడెవరో గాని, స్టెరాయిడ్ల సంగతి ఇంకో డాక్టరుని అడగమను.

ఈ ముక్క దాకా రాసి కలం మూసి పడుకున్నాను. పొద్దున లేచి మళ్ళీ రాస్తున్నాను. 'ఏమనుకోకు' అనే మనిషి నాకు ఒక్కతే తెలుసు. చిన్నప్పుడు నేను దాని కాలు తొక్కినా అదే నాకు 'ఏమనుకోకు అన్నయ్యా' అనేది. మీ అమ్మ వయసు ఎంత? నేను లెక్క మరిచిపోయాను. అది ఎందుకు రాయడం లేదు? నిజం చెప్పు.

మామయ్య


ఆసుపత్రి, ఐదో వార్డు బయట బెంచీ
ఏప్రిల్ 9

మామయ్యా,

ఆ ఆవిడ అమ్మ.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "మీ మామయ్యకి తెలిస్తే నా మీద జాలిపడి ఇస్తాడు. జాలిపడి ఇచ్చిన కాగితం తర్వాత నన్ను జన్మంతా సాధిస్తుంది. తనంతట తను ఇవ్వనీ," అంది. నేను విన్నాను. అదీ నా తెలివి.

నిన్నటి నుంచి ఆక్సిజన్ పెట్టారు. ఈ ఉత్తరం తెచ్చింది మా ఆఫీసు డ్రైవరు. కింద నిలబడి ఉంటాడు.


మూడో అంతస్తు
ఏప్రిల్ 9, డ్రైవరు మెట్ల మీద ఉన్నాడు

కాగితం ఇందులో ఉంది. పాత నోటుపుస్తకం కూడా ఇచ్చాను.

అరవై ఏడు కింద ఉంది. దాదాపు అడుగున. వివరం విను, డాక్టరుకి ఇలాగే చెప్పు. ఒంటి పోగు మెత్తగా ఎలా వంచితే అలా వంగుతుంది. ఎంజైము చుట్టూ తిరుగుతూ దానికి జంట పోగు అల్లేసరికి అది బెత్తంలా బిగుస్తుంది. పైగా జంట పోగు సుమారు పదిన్నర అక్షరాలకి ఒక మెలిక తిరుగుతుంది. చిన్న వలయంలో ఆ వంపుకీ మెలికకీ పొసగకపోతే వలయం తనను తాను పిండుకుంటుంది, ఎంజైము ముందుకు పోలేదు. పొడవు పెంచుతూ పోతే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. అలలాగా. ఒక మెలికకి ఒక అల. మేం అతికించిన ముక్క పది అక్షరాలది. అంటే అల మీద ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి గెంతుతూ పోయాం, పల్లం చూడకుండా. మీరు చేర్చిన ఐదు అక్షరాలు సరిగ్గా పల్లంలోకి దింపాయి. నా లెక్కలో అరవై రెండుకి పట్టే కాలానికి అరవై ఏడుకి ఆరింతలు పడుతుంది. క్రిమి దండిగా ఉంటే వలయాలు లక్షలు, నెమ్మదైనా మెరుస్తుంది. తక్కువుంటే నలభై నిమిషాలకి చీకటి. మీ అమ్మ గొట్టంలో రెండు గంటలకి మెరిసింది నిజం మెరుపు.

స్టెరాయిడ్లు ఇవాళే ఆపమను.

ఇంకో సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ గీత నేను రెండుసార్లే వేశాను. మూడోసారి వేయడానికి అన్నీ సిద్ధం చేసుకుని వేయలేదు. చేతులు నిజంగానే వణికి ఉంటే? వాడన్నదే నిజమైతే? దాచుకున్న కాగితం ఎన్నాళ్ళయినా ఒప్పే. బయటపెడితే తప్పని తేలవచ్చు. పంతం అని మీరంతా అనుకున్నదాంట్లో సగం ఇదే.

డ్రైవరు పిలుస్తున్నాడు.


ఆసుపత్రి
ఏప్రిల్ 24

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీ కాగితాన్ని నేను డైరెక్టరుగారికి చూపించలేదు. అమ్మని చూస్తున్న డాక్టరుగారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, స్టెరాయిడ్లు ఆపి, ఆ రోజే అసలు మందు మొదలుపెట్టారు. అరవై రెండు అక్షరాల వలయం వేరే ఊరి ల్యాబు నుంచి తెప్పించారు. అమ్మ నమూనా పంతొమ్మిది నిమిషాల్లో మెరిసింది. అదే నమూనా అరవై ఏడుతో గంటా యాభై రెండు నిమిషాలకి మెరిసింది. మీ లెక్క ఆరింతలు. వచ్చింది ఐదు చిల్లర.

ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా పోయింది. కుడిదానిలో పైభాగం పనిచేస్తోంది. ఫిబ్రవరిలో తెలిసి ఉంటే మాత్రలతో, ఇంట్లోనే తగ్గేదని డాక్టరుగారు అన్నారు. ఆయనకి మన ఉత్తరాల సంగతి తెలియదు. నాకూ పరీక్ష చేశారు. ప్రస్తుతానికి చీకటే. నెలకోసారి మళ్ళీ చేయించుకోవాలి.

పెట్టెలు నిలిపివేశారు. పదకొండు ఆసుపత్రుల్లో ఈ మూడు నెలల్లో 'లేదు' అని చెప్పి పంపినవాళ్ళు ఆరువేల పైచిలుకు. అందరికీ ఫోను చేసి మళ్ళీ రమ్మనాలి. నిన్నటి నుంచి మొదలుపెట్టాం. నేను చేసిన తొంభైలో ముప్పై నాలుగు ఎవరూ ఎత్తలేదు. రెండింటిని వేరేవాళ్ళు ఎత్తి, ఆ మనిషి లేరని చెప్పారు.

డైరెక్టరుగారు మీకొక ఉత్తరం రాశారు. స్వహస్తంతో, సిరాతో. కవరు అంటించి నాకిచ్చారు. ఇచ్చేటప్పుడు గడియారం చూసుకోలేదు. ఇందులో జతపరిచి, ఈసారీ డ్రైవరు చేతే పంపుతున్నాను. మీరు కోరుకున్నది అదే కదా.

అమ్మ చెప్పమన్న మాట కింద రాస్తున్నాను. తను కలం పట్టలేకపోతోంది.

అన్నయ్యా, పిల్ల నీకు 'మీరు' అని రాస్తోందట. ఏమనుకోకు.


మూడో అంతస్తు
ఏప్రిల్ 27

అమ్మడూ,

ఈసారి ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు. వెతికాను.

నిన్న కళ్ళద్దాలు మార్పించుకున్నాను. ఇంటికొచ్చి ఫిబ్రవరిలో మీ అమ్మ రాసిన ఒక్క వాక్యం తీసి చూశాను. 'ఇచ్చెయ్యరాదూ' అన్న మాట మధ్యలో రెండుచోట్ల కలం ఎత్తి ఆగింది. ఊపిరి తీసుకోవడానికి. పాత అద్దాల్లో అది నాకు బద్ధకంలా కనిపించింది.

గడియారం కవరు విప్పలేదు. చేతిరాత వాడిదే. బల్ల మీద పెట్టి రెండు రోజులు చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు దాని కోసమే బతికాననుకున్నాను, విప్పడానికి చెయ్యి రాలేదు. అది నీకే తెచ్చి ఇస్తాను. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో నీకు తెలుస్తుంది. దానితోపాటు నీకు నేను రాసిన ఉత్తరాలు కూడా అందులోనే పెట్టు. తేదీలతో సహా.

రేపు పొద్దున మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. వార్డులోకి నన్ను రానిస్తారో లేదో, మీ అమ్మ రానిస్తుందో లేదో, నువ్వు రానిస్తావో లేదో తెలియదు. బెంచీ మీద కూర్చుంటాను. నాకు జాబితా ఇవ్వు. ఫోను ఎత్తని ముప్పై నాలుగు మంది చిరునామాలు ముందు ఇవ్వు. నేను నడవగలను. చేతులు ఈ మధ్య నిజంగానే వణుకుతున్నాయి, తలుపు తట్టడానికి అదేం అడ్డం కాదు.

తలుపు తీసినవాళ్ళకి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, అక్కడికి వెళ్ళాక మాట మార్చకుండా: "మీకు జబ్బు లేదని చెప్పి పంపారు. ఆ పరీక్షని నమ్మడానికి లేదు. ఆ సంగతి నాకు జనవరి నుంచి తెలుసు."

మామయ్య